బాండికూట్స్ మానేసిన నలభై రోజులు

మార్చి 5, బుధవారం. మొదటి రోజు.

ఉదయం 9.15. చీరాల నుంచి అమ్మ ఫోను.

"ఏమే జెన్సీ, ఇవాళ భస్మ బుధవారం. ఈ లెంటుకి ఏం మానుతున్నావు?"

మా ఇంట్లో ఏటా ఇదే ప్రశ్న. ఈస్టర్ ముందు శ్రమదినాలు నలభై రోజులూ తలా ఒక ఇష్టమైనదాన్ని మానాలి. నాన్న మాంసం మానతాడు. అమ్మ కాఫీ మానుతుంది, తలనొప్పి లేని రోజుల్లో. నేను నిరుడు చికెన్ మానాను.

"చికెన్ మానితే నీకు పోయిందేముంది? అక్కడ వండుకునే ఓపికే లేదు నీకు. ప్రాణం దేని మీదుందో అది మానాలమ్మా."

దేని మీదుందో నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. కావాలనే అడిగింది.

సాయంత్రం 7.00. ఇక్కడ పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో మా తెలుగు ఫెలోషిప్ ప్రార్థన. సువర్ణకుమారి ఆంటీ గుమ్మంలోనే పొడుగాటి నోట్‌బుక్కు పట్టుకుని నిలబడింది. హారిస్‌డేల్‌లో నేను అద్దెకుంటున్న గది ఈవిడ ఇంట్లోదే, కాబట్టి తప్పించుకునే దారి లేదు. నోట్‌బుక్కులో ఎడమవైపు పేరు, కుడివైపు మానేది. ఈస్టర్ తెల్లవారుజామున అందరి ముందూ చదువుతుంది: ఎవరు నిలబడ్డారు, ఎవరు జారిపోయారు. ఆవిడ పేరు పక్కన "సీరియళ్ళు" అని ఉంది. నేను "బాస్కెట్‌బాల్" అని రాశాను.

"నువ్వు ఆడతావా అమ్మాయ్?"

"లేదండీ, చూస్తాను."

"చూడ్డం మానడం కూడా ఒక త్యాగమేనా?"

ఆవిడకేం తెలుసు!

పదేళ్ళ తర్వాత ఈ డైరీ చదివితే నాకే అర్థం కాదేమో, అందుకని వివరంగా రాసి పెడుతున్నాను. పెర్త్ వచ్చిన మొదటి వారం, బస్సు దిగి దారి తప్పి తిరుగుతుంటే రెక్ సెంటర్ అనే ఆటల హాలు గోడ మీద పేద్ద బొమ్మ కనపడింది. పొడుగాటి ముక్కు, గుండ్రటి వీపు. కింద "హారిస్‌డేల్ బాండికూట్స్". మన పందికొక్కే ఇంగ్లీషులోకెళ్ళి బాండికూట్ అయిందని స్కూల్లో సోషల్ సార్ చెప్పాడు. పందికొక్కుల పేరు పెట్టుకున్న టీమా అని నవ్వుకుంటూ లోపలికెళ్ళాను. రెండేళ్ళుగా ఏడ్చుకుంటూ బయటికొస్తున్నాను.

రాష్ట్ర లీగ్‌లో అందరికంటే చిన్న క్లబ్. స్పాన్సర్లు ఇద్దరు: ఒక టైర్ల షాపు, ఒక ఇండియన్ గ్రోసరీ. ఎవడైనా కాస్త బాగా ఆడాడా, సీజన్ అయ్యేసరికి సముద్రంవైపు పెద్ద క్లబ్ వాడిని ఎత్తుకుపోతుంది. మిగిలినవాళ్ళతో మావాళ్ళు ఓడిపోతుంటారు. నేను చూసిన మ్యాచ్‌లు ఇరవై మూడు. గెలిచినవి సున్నా. నా పరీక్షలప్పుడు మూడు గెలిచారట, నేను లేను.

జూన్‌లో నా కోర్సు అయిపోతుంది. ఇంటర్న్‌షిప్పుకి సిడ్నీలో టూంగాబీ వెళ్ళిపోతాను. ఆలోపు ఒక్కటంటే ఒక్క గెలుపు నా కళ్ళతో చూడాలి. నా కోరికంతా ఇదే. ఫర్లేదు, ఈస్టర్ తర్వాత ఇంకా రెండు నెలలుంటుంది.

నియమాలు:
1. రెక్ సెంటర్ గడప తొక్కను.
2. ఫోన్లో స్కోరు చూడను.
3. "ఎఫ్ వరుస" వాట్సాప్ గ్రూపు (మ్యాచ్‌లో మా వరుసలో కూర్చునేవాళ్ళది) మ్యూట్. ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు ఆప్షన్లున్నాయి. "ఎప్పటికీ" నొక్కడానికి చెయ్యి రాలేదు. వారం నొక్కాను.

మార్చి 7, శుక్రవారం. మూడో రోజు.

ఇంత తేలికా! పొద్దున్నే లేచాను. కీర్తనలు రెండు చదివాను. అసైన్‌మెంట్ నాలుగు వందల పదాలు. పప్పు మాడకుండా వండాను. బాస్కెట్‌బాల్ అనే ఆట గుర్తే లేదు.

యూనిలో తాజ్ కలిశాడు. హైదరాబాద్ వాడు, నా క్లాస్‌మేటు, ఎఫ్ వరుసలో నా ఎడమపక్క సీటు. వాడికి రంజాన్ నడుస్తోంది. నా త్యాగం గురించి కాస్త గొప్పగానే చెప్పాను.

"జెన్సీ, నేను నీళ్ళు గూడ తాగుతలేను," అన్నాడు. "నువ్వు ఓడిపోయేటోళ్ళని చూసుడు బంద్ చేసినవ్. దాన్ని త్యాగం అనరు, రెస్ట్ అంటరు."

వాడితో మాట్లాడకూడదు. నియమం 4.

మార్చి 11, మంగళవారం. ఆరో రోజు.

మధ్యాహ్నం 3.30. లాండ్రీ గదిలోంచి ఏడుపులు, వయొలిన్లు, "నా కోడలిగా నువ్వు పనికిరావు!" అన్న అరుపు. తలుపు తీశాను. వాషింగ్ మెషీన్ మీద ఆంటీ ఫోను, ఆంటీ చేతిలో తడి టవలు.

"యాడ్ వచ్చిందమ్మాయ్," అంది ఆంటీ.

సబ్బుల యాడ్ అయి ఉంటుంది. నేను మాత్రం రాయిలా ఉన్నాను. ఇంకెంత, ముప్పై నాలుగు రోజులే.

మార్చి 15, శనివారం. పదో రోజు.

సాయంత్రం 5.40. సీజన్ మొదటి మ్యాచ్ ఆరింటికి. నాకేం సంబంధం?

5.50. బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను.

6.15. అయిపోయాయి. మళ్ళీ అవే చేస్తున్నాను.

6.35. ఈపాటికి తాజ్ సీట్లో కూర్చునే ఖర్జూరం నోట్లో వేసుకుంటూ ఉంటాడు. బెరిల్ కుషన్ సర్దుకుని రెఫరీని తిట్టడం మొదలుపెట్టి ఉంటుంది. బెరిల్‌ది నా కుడిపక్క సీటు. డెబ్బై రెండేళ్ళు, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేది, ముప్పై ఒక్క సీజన్ల నుంచి వస్తోంది. ఆవిడ ఇంగ్లీషులో తిడుతుంది, నేను తెలుగులో తిడతాను. రెఫరీకి రెండూ అందవు.

8.00. ఎవా వచ్చింది. ఆంటీ కూతురు, యూని మొదటి ఏడు. క్లబ్ తరఫున పందికొక్కు వేషం వేసుకుని గెంతే ఉద్యోగం దానిదే. చంకలో పందికొక్కు తలకాయ పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"అక్కా! వీ వన్! బై ఎయిటీన్!"

"అబద్ధం."

"ఐ స్వేర్! బెరిల్ వాజ్ క్రయింగ్!"

సంతోషించాను. నిజంగా. తలుపేసుకుని ఐదు నిమిషాలు సంతోషించాను. తర్వాత నాకూ ఏడుపొచ్చింది, అది వేరే రకం.

మార్చి 22, శనివారం. పదహారో రోజు.

సాయంత్రం 6.20. ఆరోగ్యానికి నడక మంచిదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. రెక్ సెంటర్ వెనక ఓవల్ మైదానం చుట్టూ మంచి గాలి. గడప తొక్కలేదు. గోడకి చెవి ఆనించాను, అంతే. చూడనని రాశాను గానీ విననని రాయలేదు.

లోపల ఒకటే గోల. ఆ గోల నాకు కొత్త. మావాళ్ళ మ్యాచ్‌లో ఎప్పుడూ వినపడేది "అయ్యో" ఒక్కటే.

ఏడు పాయింట్లతో గెలిచారు. చెవికి సున్నం అంటుకుంది.

మార్చి 23, ఆదివారం. లెక్కలోకి రాదు!!

ఉదయం 11.00. ప్రార్థనలో కూర్చుని వేళ్ళ మీద లెక్కేశాను. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా నలభై ఆరు రోజులు. ఆదివారాలు తీసేస్తేనే నలభై! చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతే, ఈ డైరీలో అంకెలూ అలాగే వేస్తున్నాను, దాని అర్థం మాత్రం ఇన్నాళ్ళూ బుర్రకెక్కలేదు.

12.30. "ఆంటీ, ఆదివారాలు లెక్కలోకి రావు కదండీ?"

ఆంటీ ఇంత వేగంగా జవాబివ్వడం ఎప్పుడూ చూడలేదు. "రావమ్మాయ్. ఆదివారం పునరుత్థాన దినం. మా నాన్నగారు పాస్టరు. లెంటులో ఆదివారం వస్తే కోడికూర ఉండాల్సిందే ఆయనకి." అప్పటికే సోఫాలో ఉంది, రిమోట్ చేతిలో ఉంది. వారం ఎపిసోడ్లన్నీ వరసగా పెట్టుకుంది.

2.00. ఎఫ్ వరుస! నా సీటు! బెరిల్ నన్ను చూసి "వచ్చావా లవ్," అని కావలించుకుంది. (ఆవిడ ఇంగ్లీషును నా తెలుగులోనే రాసుకుంటున్నాను. లవ్ ఒక్కటే మారదు.) రెండు గెలిచిన టీమ్. మూడోది నేను చూస్తాను.

4.10. ముప్పై నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. పద్నాలుగో నంబరు కుర్రాడు వేసిన ఫ్రీ త్రో నెట్‌కీ తగల్లేదు, బోర్డుకీ తగల్లేదు. చివరి క్వార్టర్ మొత్తం తాజ్ కోర్టు వైపు చూడలేదు, నా వైపే చూశాడు.

"జెన్సీ, ఏమనుకోకు గానీ..."

"అనుకుంటాను. చెప్పు."

"నువ్వు రాని మ్యాచ్‌లు రెండు. రెండూ గెలిచినం. ఇయ్యాల వచ్చినవ్, ఇట్లైంది. మొత్తం ఇరవై నాలుగు చూసినవ్, ఇరవై నాలుగు పోయినయ్. నీ మొక్కు మంచి మొక్కు. ఆదివారాలు గూడ అందుల కలుపుకో."

నా వల్లట! నేను బంతి ముట్టుకున్నానా? మొహం చూడు వీడిది!

మార్చి 31, సోమవారం. ఇరవై మూడో రోజు.

శనివారం బయటి ఊళ్ళో మ్యాచ్, అదీ గెలిచారు. ఇవాళ పండగ. తాజ్ బిర్యానీ, షీర్ ఖుర్మా తెచ్చి ఆంటీకి దణ్ణం పెట్టి మరీ ఇచ్చాడు. మంచివాడే, పాపం అనుకున్నాను. బిర్యానీ డబ్బా కింద కాగితం ఉంది.

"ఎఫ్ వరుస తరఫున రిక్వెస్టు. ఈస్టర్ అయినంక గూడ రాకు. జూన్ దాకా. ప్లీజ్."

కింద పదకొండు సంతకాలు. షీర్ ఖుర్మా గిన్నె పక్కన పెట్టేశాను.

"నేను దేవుడికి మాటిచ్చింది నలభై రోజులకే తాజ్!"

"మిగిలింది టీమ్‌కి ఇయ్యి."

"జూన్‌లో నేను వెళ్ళిపోతాను. ఒక్క గెలుపైనా చూడకుండా పొమ్మంటావా?"

వాడు నాకు ఇంకో గరిటె బిర్యానీ వడ్డించాడు. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వాడు వెళ్ళాక ఒక్కో సంతకం చదివాను. బెరిల్‌ది లేదు. కళ్ళద్దాలు మర్చిపోయి ఉంటుంది.

ఏప్రిల్ 5, శనివారం. ఇరవై ఎనిమిదో రోజు.

మళ్ళీ గెలిచారు. నాలుగు శనివారాలు, నాలుగు గెలుపులు. ఎవా ఫోటో పంపింది. చూడకూడదు. చూశాను. ఫోటో మ్యాచ్ కాదు కదా.

ఎఫ్ వరుస అంతా లేచి గెంతుతున్నారు. మధ్యలో ఒక సీటు ఖాళీ. ఆ సీటు మీద బెరిల్ కుషన్.

ఓడిన ఇరవై నాలుగు సార్లూ నేనున్నాను. జ్వరంతో ఉన్నాను, రేపు సబ్మిషన్ అనగా ఉన్నాను, నలభై ఒక్క పాయింట్లతో ఓడిన రోజు మా వరుసలో మేం ముగ్గురమే ఉన్నాం. గెలిచేటప్పుడు మాత్రం నేను పనికిరానా? ఇదేం న్యాయం ప్రభువా?

అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. "అదీ లెంటంటే!" అంది అమ్మ, చాలా తృప్తిగా. ఫోన్లో గ్లాసు చప్పుడైంది. "అమ్మా, కాఫీయా?" "తలనొప్పే," అంది.

ఏప్రిల్ 9, బుధవారం. ముప్పై ఒకటో రోజు.

సాయంత్రం. ఎవా తలుపు సందులోంచి తల పెట్టింది.

"అక్కా, సాటర్‌డే నా ఫ్రెండ్ బర్త్‌డే. కెన్ యూ డూ ది బాండికూట్? ప్లీజ్? జస్ట్ వన్ ఈవినింగ్. నోబడీ విల్ నో."

"ఛీ! ఛీ! నేను లెంటులో ఉన్నాను. మీ అమ్మ నోట్‌బుక్కులో నా పేరుంది. బయటికి నడు!"

శనివారం మ్యాచ్ సముద్రంవైపు పెద్ద క్లబ్‌తో. వాళ్ళని మావాళ్ళు ఓడించి పదకొండేళ్ళయింది.

ఏప్రిల్ 11, శుక్రవారం. ముప్పై మూడో రోజు.

ఆలోచించాను. అవసరంలో ఉన్న చెల్లెలికి సహాయం చేయకపోవడం కూడా పాపమే. పైగా రేపు అక్కడుండేది జెన్సీ కాదు, పందికొక్కు. పందికొక్కులు లెంటు పాటిస్తాయని ఎక్కడా రాసి లేదు.

ఎవాకి "సరే" అని మెసేజ్ పెట్టాను. జవాబుగా పదహారు హృదయాలు.

ఏప్రిల్ 12, శనివారం. ముప్పై నాలుగో రోజు.

సాయంత్రం 5.45. పందికొక్కు లోపల ఉన్నాను. గత నాలుగేళ్ళ చెమటంతా ఇక్కడే ఉంది. నోటి దగ్గర జాలీలోంచి సగం కోర్టు కనపడుతోంది. సగం చూస్తే సగం పాపమే. (ఇది స్టోర్ రూములో, ఫోన్లో రాస్తున్నాను. మిగతాది ఇంటికెళ్ళాక.)

రాత్రి 9.00. ఇంట్లో. వరసగా రాస్తాను.

మొదటి క్వార్టర్: గెంతాను, చేతులూపాను, పిల్లలు తోక పీకారు. సమానం.

రెండో క్వార్టర్: రెఫరీ మళ్ళీ అన్యాయం. నోరు మూసుకున్నాను. పందికొక్కులు మాట్లాడవు.

మూడో క్వార్టర్: తొమ్మిది పాయింట్లు ఆధిక్యం! నేను ఉండగా! నేను చూస్తుండగా! వేషం లోపల కళ్ళు తుడుచుకునే వీలు లేదు, కారుతూనే ఉన్నాయి.

నాలుగో క్వార్టర్ చివర్లో టైమ్ అవుట్. స్కోరు 71-67. మేమే ముందు. ఇంకా నలభై సెకన్లు. తాజ్ సంబరం పట్టలేక పందికొక్కుతో సెల్ఫీకి వచ్చాడు. ఫోన్ ఎత్తాడు, నవ్వాడు, కిందికి చూశాడు. నా బూట్లకి ఆకుపచ్చ లేసులు. అవి కొన్నప్పుడు రామచిలకలా ఉన్నాయని వెక్కిరించింది వాడే.

"జెన్సీ?"

పిల్లలకి ఊపినట్టే చేతులూపాను.

"జెన్సీ! యా అల్లా! నీకు దండం పెడత, బయటికి పో! నలభై సెకన్లే!"

స్కోర్‌బోర్డు చూశాను. రెండేళ్ళుగా నాకు కావాల్సింది ఆ నలభై సెకన్లే. నేనుంటే ఓడిపోతారని నేను నమ్మను. కానీ నేనుండగానే ఓడిపోతే? పద్నాలుగో నంబరు కుర్రాడు బెంచీ దగ్గర కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. ఈ పెద్ద క్లబ్ మీద గెలుపు ఇంత దగ్గరికి రావడం వాడికీ మొదటిసారే.

తోక పట్టుకుని బయటికి వెళ్ళిపోయాను.

కార్ పార్క్. పెద్ద పెద్ద గుడ్డ చెవుల్ని రెండు చేతులతో మూసుకుని నిలబడ్డాను. అవి నా చెవులు కావు కాబట్టి అంతా వినపడింది. ముందు అరుపులు. తర్వాత విజిల్. తర్వాత "అయ్యో..."

ఆ "అయ్యో" నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ దేశంలో లేరు. 71-72.

ఓడిపోయారు. నేను బయటుండగా ఓడిపోయారు. నేను లేకుండానే ఓడిపోయారు!

నా వల్ల కాదు! ఏనాడూ నా వల్ల కాదు! వాళ్ళంతట వాళ్ళే ఓడిపోగలరు!

కార్ పార్క్‌లో గెంతాను. అంతకుముందు ఉద్యోగానికి గెంతినదానికంటే ఎత్తు గెంతాను. కుషన్ చంకలో పెట్టుకుని బెరిల్ బయటికొచ్చేసరికి నేను తోక గిరగిరా తిప్పుతున్నాను.

"ముప్పై ఒక్క ఏళ్ళలో ఓడినందుకు ఇలా గంతులేసిన పందికొక్కును చూడలేదు, జెన్సీ," అంది.

తల తీశాను. "ఎలా తెలిసింది?"

"రెఫరీ విజిల్ వేసినప్పుడల్లా కాలు నేలకేసి కొట్టేది నువ్వొక్కదానివే, లవ్."

ఇద్దరం ఆవిడ కారుకి ఆనుకుని నిలబడ్డాం. అప్పుడు చెప్పింది, ఆ కాగితం మీద సంతకం కావాలనే పెట్టలేదట. "నాలుగు వారాలు గెలిచాం. పక్కకి తిరిగితే కుషన్. నువ్వు నీ భాషలో అరుస్తావే, అది ఏంటో తెలీదు గానీ అది లేకపోతే గెలిచినట్టే లేదు."

ఏడ్చాను. ఈసారి కళ్ళు తుడుచుకోవడానికి వీలుంది.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం. లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం 12.45. చేతిలో ఈతమట్ట. మొక్కుబడి తప్పింది, దాచిపెట్టి తిరగలేను. ప్రార్థన అయ్యాక ఆంటీ దగ్గరికెళ్ళాను.

"ఆంటీ, నా పేరు పక్కన 'జారిపోయింది' అని రాయండి. నిన్న మ్యాచ్‌కి వెళ్ళాను. పందికొక్కు వేషంలో."

ఆంటీ కళ్ళద్దాలు తీసింది. "పందికొక్కు వేషంలోనా?"

"అవునండీ."

నోట్‌బుక్కు తెరిచింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "లాండ్రీలో నువ్వు విన్నది యాడ్ కాదమ్మాయ్," అంది. నా పేరు పక్కనా రాసింది, తన పేరు పక్కనా రాసింది. ఈస్టర్ రోజు మా ఇద్దరి పేర్లూ తనే అందరి ముందూ చదవాలి.

1.20. "ఇవాళ ఆదివారమే కదా," అంది ఆంటీ కారు తాళాలు తీస్తూ. "పద. ఆ దిక్కుమాలిన ఆటలో ఏముందో నేనూ చూస్తాను."

సాయంత్రం 4.30. పంతొమ్మిది పాయింట్లతో ఓడిపోయాం. నేను నా సీట్లో, నా మొహంతోనే చూశాను. ఇరవై ఆరు మ్యాచ్‌లు, ఇరవై ఆరు ఓటములు. తాజ్ రెండు వరుసలు వెనక్కెళ్ళి కూర్చున్నాడు, మూడో క్వార్టర్లో తిరిగొచ్చి సమోసా ఇచ్చాడు. అందరికంటే ఎక్కువ అరిచింది ఆంటీ: "వెనకున్నాడు నాయనా, వెనకున్నాడు! అయ్యయ్యో, ఇచ్చేశావా!" బెరిల్‌కి ఆవిడ అరుపులు చాలా నచ్చాయి. ఇంకో ఆదివారం కూడా తీసుకురమ్మంది.

రాత్రి 7.00. రేపటి నుంచి మళ్ళీ మొదలు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు. వేషాల్లేవు, గోడకి చెవులు ఆనించడాల్లేవు. ఆంటీ టీవీ రిమోట్ నా గదిలో పెట్టింది, నా ఫోను సాయంత్రాలు ఆవిడ దగ్గరుంటుంది. ఈసారి ఖాయం.

7.10. గ్రూపు మ్యూట్ చేయబోతుంటే బెరిల్ మెసేజ్: "శనివారం ఆరింటికి. వస్తావా లవ్?"

"రాను. లెంటు," అని పెట్టాను.

7.12. "కుషన్ మాత్రం నా సీటు మీదే ఉంచండి," అని ఇంకొకటి పెట్టి, వారం నొక్కాను.